చెలి వ్రాసిన చిత్తరువు

హనుమాన్ జంక్షన్‌లో, నూజివీడు గుడివాడ త్రోవలు పెద్ద రస్తాను కలియుచోటికి సమీపమున, పటములు కట్టు అంగడి యెదుట ఒకనాడు బస్సుకొఱకు నిలిచియుంటిని. అద్దముల వెనుక స్త్రీల ముఖములే యెక్కువ. లక్ష్మీ సరస్వతులు, భర్త ప్రక్కన తలవంచిన నవవధువు, పెద్దది చేయించిన యొక ముత్తైదువ ఫోటో, దానికి దండ సిద్ధము. మన గోడలమీద స్త్రీకి ఈ మూడు స్థానములే గలవని నాకప్పుడు తోచినది. దేవత కావలెను, భార్య కావలెను, లేదా మరణింపవలెను. రవివర్మ 1894లో బొంబాయి చెంత ముద్రాలయము స్థాపించి అచ్చుపటములను ఇంటింటికి పంపినది మొదలు స్త్రీ ముఖమనగా నునుపు, నగలు, ప్రసన్నత యని మన కన్నులు నేర్చుకొన్నవి. పని చేయు స్త్రీ, తనలో తానాలోచించుకొను స్త్రీ ఆ అంగడిలో కానరాలేదు.

అట్టి స్త్రీ చిత్తరువొకటి జర్మనీదేశమున హాంబర్గు నగరపు చిత్రశాలలో నున్నది. చిన్న పటము, ఎత్తు మూరకంటె కొంచె మెక్కువ. తెల్లని దుస్తులు ధరించిన యువతి ఎఱ్ఱగులాబి నొకదానిని ఱొమ్మువద్ద పట్టుకొనియున్నది. తల యొకింత వ్రాలినది. కన్నులు మనవంక చూడవు. ముఖమున నునుపు లేదు. దళసరి రంగును మట్టివలె అద్ది మలచినట్లుండును. దీనిని 1905లో వ్రాసినది పౌలా మోడర్‌జోన్ బెకర్. కూర్చున్నది ఆమె నేస్తురాలు, శిల్పకారిణి క్లారా వెస్ట్‌హోఫ్, కవి రిల్కేకు భార్య. ఇరువురును ముప్పదియేండ్లలోపు వారే.

ఆ సంవత్సరమే డ్రెస్డెను పట్టణమున నలుగురు యువకులు ‘వంతెన’ యను పేర నొక చిత్రకార సంఘము నెలకొల్పిరి. కంటికి కనబడు పోలికకంటె లోపలి భావమునకే రంగును, రేఖను అప్పగింపవలెనను ఎక్స్‌ప్రెషనిజమునకు చరిత్రకారులు అక్కడనే శ్రీకారము చుట్టుదురు. పౌలా పుట్టినదియు డ్రెస్డెనులోనే. కాని యా సంఘములో ఆమె చేరలేదు. ఒక పల్లెలో, తన త్రోవను తానే యా తావునకు వచ్చినది.

ఆ త్రోవ సుగమము కాదు. జీవనమున కాధార ముండవలెనని రైల్వే యుద్యోగియైన తండ్రి ఆమెచేత ముందుగా ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేయించెను. (మా వృత్తివారికి ఈ సంగతి నవ్వు తెప్పించును, కొంచెము నొప్పించును గూడ.) బెర్లినులోని ప్రభుత్వ చిత్రకళాశాలలో 1919 వఱకు స్త్రీలకు ప్రవేశమే లేదు. కావున స్త్రీ చిత్రకారుల సంఘము నడుపు పాఠశాలలో చదివి, 1898లో వోర్ప్స్‌వేడ యను గ్రామమునకు వచ్చెను. అచ్చటనే క్లారాతో చెలిమి కుదిరినది. 1900లో ఇరువురును పారిస్ నగరమున నుండిరి. క్లారా రోడెన్ మహాశిల్పి వద్ద నేర్చుకొనెను. 1901లో ఇరువురికిని వివాహములైనవి. పౌలా వరుడు చిత్రకారుడే, ఓటో మోడర్‌జోన్. అయినను పెండ్లికి ముందు తల్లిదండ్రు లామెను వంట నేర్చుకొనుటకై బెర్లిను పంపిరి. ఈ వాక్యమును మన డెల్టాలో ఏ యింటిని గూర్చియైనను వ్రాయవచ్చును.

పెండ్లిండ్లతో చెలిమి సడలినది. 1902లో పౌలా తన నేస్తురాలు తనకు దూరమైనదని క్లారాకు నిష్ఠురముగా లేఖ వ్రాసెను. లేఖ భార్యకు, ప్రత్యుత్తర మిచ్చినది భర్త! ఆ రిల్కేయే 1903లో వోర్ప్స్‌వేడ చిత్రకారులను గూర్చి పుస్తకము ప్రకటించెను. అందు ఓటోకు స్థానమున్నది, పౌలాకు లేదు. ఆ గ్రామమున ఆమె యప్పటికి ఒకరి భార్య మాత్రమే.

ఇంత జరిగిన పిమ్మట 1905లో క్లారా మరల వచ్చి, ఆ చెలి యెదుట కూర్చున్నది. శిల్పకారిణి చేత ఉలి లేదు, పువ్వున్నదే యని మొదట నాకును కష్టము తోచినది. చూడగా చూడగా ఆ గులాబి అలంకారముగా నున్నట్లు లేదు. పనిముట్టును పట్టినట్లే పట్టుకొన్నది. ముఖమున నున్నది విషాదమో, అలసటయో, పట్టుదలయో నిర్ణయింపలేము. చూచువారిని మెప్పింపవలెనను తాపత్రయము మాత్రము అందు లేదు.

మఱుసటి సంవత్సరము పౌలా భర్తను విడిచి ఒంటరిగా పారిస్ వెళ్లెను. 1907లో అతనితోనే తిరిగి వచ్చెను. ఆ నవంబరు 2వ తేదీని ఆడుశిశువు కలిగినది. వైద్యుడు మంచము దిగవలదనెను. 20వ తేదీని లేచి నడచినంతనే, నెత్తురుగడ్డ అడ్డుపడి కూలిపోయినది. వయస్సు 31. పురిటిమంచపు భయ మెఱిగిన యిల్లాండ్రకు దీనిని విస్తరించి చెప్పనక్కఱలేదు. ఏడువందలకు పైగా రంగుచిత్రము లుండిపోయినవి. బ్రతికియుండగా అమ్ముడుపోయినవి వ్రేళ్లపై లెక్కింపదగినవి.

మన రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు 1925లో మశూచికమునకు బలియగునాటికి 28 నిండలేదు. అకాలమృత్యు విరువురకును సమానమే. కాని యతనిని బొంబాయి చిత్రకళాశాల చేర్చుకొన్నది. ఆమెకు బెర్లినులో తలుపు తెరవలేదు. రామారావు సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మయు చిత్రకారిణియే; ఆ పేరు తెలిసిన యిండ్లు మనలో నెన్ని?

1927లో బ్రెమెను నగరమున పౌలా పేర ప్రత్యేక చిత్రశాల వెలసినది. 1937లో నాజీలు ఆమె పటములను భ్రష్టకళ యని ప్రభుత్వ చిత్రశాలలనుండి తొలగించిరి. రిల్కే 1908లోనే ఆమెకొఱకు దీర్ఘమైన స్మృతికావ్యము రచించియుండెను. దాని శీర్షికలో ఆమె ‘ఒక స్నేహితురాలు’ మాత్రమే. క్లారా 1954 వఱకు జీవించినది. పౌలా శిరస్సును ఆమెయు శిల్పముగా మలచినది.