‘ఏజెన్సీ’ అంటే ఎవరి తరఫున?



టౌన్‌లో ఏజెన్సీ అంటే గ్యాస్ ఏజెన్సీ, పేపర్ ఏజెన్సీ. మనకైతే ఊరే ఏజెన్సీ. హాస్టల్లో ఎవరైనా ‘ఎక్కడి నుంచి?’ అంటే ‘ఏజెన్సీ నుంచి’ అనేస్తాం, అదేదో మన అవ్వల కాలం నాటి మాటలాగా. అది ఇంగ్లిష్ మాట. మూలం లాటిన్‌లో ‘అగెరె’, అంటే చేయడం, నడిపించడం. ఏజెంట్ అంటే ఇంకొకరి తరఫున పని చేసేవాడు. ఏజెన్సీ అంటే అతని పని, అతని అధికారం. మరి మన కొండలకి ఈ పేరెలా వచ్చింది?

1830ల్లో పర్లాకిమిడి, గుంసూరు వైపు తిరుగుబాట్లు లేచాయి. కంపెనీ ప్రభుత్వం రసెల్ అనే అధికారిని పంపింది. మైదానం చట్టాలు కొండల్లో నడవవని వాళ్లకి అర్థమైంది. దాంతో 1839లో 24వ చట్టం తెచ్చి, గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల కింద నుంచి తీసేశారు. అక్కడ కలెక్టరే మద్రాసు గవర్నర్‌కి ఏజెంట్. సివిల్ కేసైనా, క్రిమినల్ కేసైనా తీర్పు ఆయనదే. ఏజెంట్ పాలించే చోటు కాబట్టి ఏజెన్సీ. ఏజెంట్ అన్నారు గానీ మన తరఫున కాదు, గవర్నర్ తరఫున!

తర్వాత గోదావరి కొండలకూ ఈ పద్ధతే వచ్చింది. కాగితాల్లో పేర్లు మారాయి: 1935 చట్టంలో ‘పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు’, రాజ్యాంగం ఐదో షెడ్యూల్లో ‘షెడ్యూల్డ్ ఏరియాలు’. జనం నోట్లో మాత్రం ఏజెన్సీయే ఉండిపోయింది. నిజాం కింద ఉన్న ఆదిలాబాద్‌కి మద్రాసు గవర్నర్‌తో పనే లేదు, అయినా ఇప్పుడు అక్కడోళ్లూ ఏజెన్సీ అనే అంటున్నారు.

అలాగని ఈ మాటని పారేయలేం. 1917 ఏజెన్సీ భూముల చట్టం ప్రకారం కొండజాతుల భూమి బయటోళ్లకి పోవాలంటే ఏజెంట్ అనుమతి ఉండాలి. మనందరికీ తెలిసిన 1/70 ఆ దారిలో వచ్చిందే. ఏజెన్సీ టీచర్ పోస్టులు వంద శాతం స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పటి నుంచి డీఎస్సీకి చదివే మనోళ్లు ఎంత టెన్షన్ పడుతున్నారో చెప్పక్కర్లేదు.

సోషియాలజీ పుస్తకంలో ఇదే మాటకి ఇంకో అర్థం ఉంది: మనిషి తనకి తానుగా నిర్ణయించుకుని చేయగల శక్తి. గవర్నర్ ఏజెంట్ ఏలిన చోటుకీ, ఈ శక్తికీ ఒకటే పేరు. నాకైతే నవ్వొచ్చింది, కోపం కూడా వచ్చింది.

తెలుగులో పాత మాట మన్యం. 2022లో పార్వతీపురం జిల్లా పేరులో అది మళ్లీ కనిపించింది. కానీ అదీ తెలుగు మాటే. కోయ, కువి, సవర, గోండి భాషల్లో మీ పెద్దోళ్లు మన ప్రాంతాన్ని ఏమంటారు? ఇంట్లో అడిగి కింద రాయండి.