అంతర్జాల సమాచార ప్రామాణికత

అంతర్జాల సమాచార ప్రామాణికత అనగా అంతర్జాలంలో లభించే విషయాన్ని ఎంతవరకు నమ్మవచ్చునో నిర్ణయించే పరిశీలన. ఒక వాక్యం నిజమా, అబద్ధమా అని తేల్చడంతోనే ఈ పని పూర్తి కాదు. దానిని ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, దేనిని కొలిచి చెప్పారు అన్న మూడు ప్రశ్నలకు సమాధానం దొరికినప్పుడే ఆ సమాచారం వాడుకోదగినది అవుతుంది. ద్వారకా తిరుమల, ఏలూరు, కొల్లేరు ప్రాంతాల గురించి అంతర్జాలంలో కనిపించే విషయాలు ఇందుకు మంచి ఉదాహరణలు.

కాలాన్ని బట్టి మారే విషయాలు

ద్వారకా తిరుమల పశ్చిమ గోదావరి జిల్లాలో ఉన్నదని కొన్ని పుటలు, ఏలూరు జిల్లాలో ఉన్నదని కొన్ని పుటలు చెబుతాయి. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడినప్పుడు ఈ మండలం అందులో చేరింది. అంతకు మునుపు వ్రాసిన పుటలు వ్రాసిన నాటికి సరైనవే, నేటికి చెల్లవు. తాడేపల్లిగూడెం మాత్రం పునర్విభజన తరువాత కూడా పశ్చిమ గోదావరిలోనే ఉన్నది.

ఏలూరు పట్టణం 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడే వరకు కృష్ణా జిల్లాలో ఉండేది. ఆ కాలపు ఆంగ్ల గ్రంథాలలో ఊరి పేరు "ఎల్లోర్" అని కనిపిస్తుంది. ఈ సంగతి తెలియనివారు దానిని వేరొక ఊరిగా పొరబడే అవకాశం ఉన్నది.

జనాభా లెక్కల విషయమూ ఇటువంటిదే. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడినందున, గ్రామాల పుటలలో "ప్రస్తుత జనాభా" అని ఉన్న అంకె తరచుగా 2011 నాటిదై ఉంటుంది.

కొలతను బట్టి మారే అంకెలు

కొల్లేరు సరస్సు వైశాల్యానికి అంతర్జాలంలో పలు అంకెలు కనిపిస్తాయి. వీటిలో తేడా ప్రధానంగా నీటిమట్టాన్ని ఎక్కడ లెక్కించారన్న దానిని బట్టి వస్తుంది.

* +3 అడుగుల కాంటూరు వరకు: సుమారు 135 చ.కి.మీ.
* +5 అడుగుల కాంటూరు వరకు: సుమారు 308 చ.కి.మీ. 1999లో ప్రకటించిన వన్యప్రాణి అభయారణ్యానికి ఇదే హద్దు.
* +10 అడుగుల కాంటూరు వరకు: 901 చ.కి.మీ. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరినప్పుడు నమోదైన వైశాల్యం ఇది.

కాంటూరు చెప్పకుండా అంకె ఒక్కటే ఇచ్చే పుట, అంకె సరైనదైనా, చదువరిని తప్పుదారి పట్టించగలదు. ఇది లెక్కల తగవు మాత్రమే కాదు. అభయారణ్యం హద్దులోని చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వం తొలగించింది. హద్దును +3కు తగ్గించాలని 2008లో రాష్ట్ర శాసనసభ తీర్మానించింది. లంక గ్రామాల వారి జీవనోపాధి, వలస పక్షుల ఆవాసం, వరద నీటికి దొరికే చోటు ఈ అంకెలతో ముడిపడి ఉన్నవి.

సంప్రదాయం, చరిత్ర

ద్వారకా తిరుమలలో స్వామి ద్వారకుడనే ముని తపస్సుకు మెచ్చి వెలసినాడని స్థలపురాణం. గర్భాలయంలో రెండు మూలవిరాట్టులు ఉండడం, వైశాఖంలోను ఆశ్వయుజంలోను రెండు కల్యాణోత్సవాలు జరగడం ఎవరైనా వెళ్ళి చూడగల విషయాలు. ఈ క్షేత్రం దశరథుని కాలం నాటిదన్న మాట భక్తుల విశ్వాసం. ఈ మూడింటినీ ఒకే స్వరంతో చెప్పే పుటలు చాలా ఉన్నవి. స్థలపురాణం సంప్రదాయానికి ప్రమాణం. ఆలయ నిర్మాణ కాలాన్ని నిర్ణయించడానికి శాసనాలు, దస్తావేజులు కావాలి.

తొలి వార్తలు

2020 డిసెంబరు 5 నుండి ఏలూరులో వందలాది మంది మూర్ఛతో పడిపోయారు. కారణం తెలియకముందే అనేక ఊహాగానాలు ఫోన్లలో వ్యాపించాయి. కొద్ది రోజులలో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ పరీక్షలలో కొందరి రక్తంలో సీసము, నికెలు కనిపించాయి. తరువాతి నివేదికలు పురుగుమందుల అవశేషాలను ప్రధాన కారణంగా అనుమానించాయి. తొలి వారం వార్త దగ్గర ఆగిన చదువరికి సగం కథే తెలుస్తుంది. ఇటువంటి సమయంలో వార్త తేదీని, దానిని చెప్పిన సంస్థను చూడడం, తరువాత వచ్చిన నివేదికలను వెదకడం ముఖ్యం.

పరిశీలనా క్రమం

# పుట ఎవరిదో చూడాలి. ఆలయ గదులు, సేవల పేరిట డబ్బు వసూలు చేసే నకిలీ సైట్ల గురించి తిరుమల తిరుపతి దేవస్థానం పలుమార్లు హెచ్చరించింది. ప్రభుత్వ సైట్ల చిరునామా సాధారణంగా "గవ్ డాట్ ఇన్" అని ముగుస్తుంది. డబ్బు చెల్లించే ముందు దీనిని సరిచూసుకోవాలి.
# వ్రాసిన తేదీ చూడాలి. తేదీ లేకపోతే లోపలి విషయాలను బట్టి కాలాన్ని ఊహించాలి.
# మూలం చూడాలి. ఒకే వాక్యం నూరు పుటలలో అక్షరం పొల్లు పోకుండా ఉంటే అది నూరు సాక్ష్యాలు కాదు, ఒకే మాటకు నూరు నకళ్ళు.
# అంకెకు కొలమానం, సంవత్సరం ఉన్నవో లేవో చూడాలి.
# పాత ఫోటోను కొత్త వరదదిగా చూపడం సామాన్యం. బొమ్మతో వెదికే సౌకర్యం ద్వారా అది మొదట ఎప్పుడు వెలువడినదో కనిపెట్టవచ్చు.
# ఎవరైనా వ్రాయగల విజ్ఞాన సర్వస్వాలను, కృత్రిమ మేధ ఇచ్చే జవాబులను వెదుకులాటకు మొదటి మెట్టుగా వాడవచ్చు. చివరి ప్రమాణం వాటి వెనుక ఉన్న మూల పత్రమే.

ఇవి కూడా చూడండి

* కొల్లేరు సరస్సు
* ద్వారకా తిరుమల
* ఏలూరు జిల్లా
* భారత జనగణన