అమెరికాలో సొంతిల్లు.. పెరడుపై సంఘం పెత్తనం

* పందిరి వేయాలన్నా ముందస్తు అనుమతి తప్పదు
* రాష్ట్రాన్ని బట్టి యజమానికి చట్ట రక్షణ
* కొనుగోలుకు ముందే నిబంధనావళి చదవడం మేలు

ఇల్లు మనది, స్థలం మనది, పన్ను కట్టేదీ మనమే. అయినా ఇంటి ముందు గోంగూర మడి వేస్తే నోటీసు రావచ్చు. అమెరికాలో స్థిరపడిన పిల్లల వద్దకు వెళ్లిన తల్లిదండ్రులను ఆశ్చర్యపరిచే విషయాల్లో ఇదొకటి. డాలస్ శివార్ల వంటి చోట్ల తెలుగు కుటుంబాలు ఇళ్లు కొంటున్న కొత్త కాలనీల్లో ఇంటి ముంగిలి, పెరడు ఎలా ఉండాలో చాలావరకు నిర్ణయించేది హెచ్‌ఓఏగా పిలిచే గృహ యజమానుల సంఘమే. అపార్టుమెంటు సంఘాలతో కలిపి ఆ దేశంలో ఇటువంటివి 3.5 లక్షలకు పైగా ఉన్నాయి. వాటి పరిధిలో 7 కోట్ల మందికి పైగా నివసిస్తున్నారు.

అధికారం ఎక్కడిది?

కాలనీ వేసిన సంస్థ ఇళ్లు అమ్మకముందే ఒక నిబంధనావళిని రూపొందించి, మన సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం వంటి కౌంటీ కార్యాలయంలో నమోదు చేయిస్తుంది. అది స్థలాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. ఇల్లు ఎన్ని చేతులు మారినా కొన్నవారు దానికి కట్టుబడాల్సిందే. చదవలేదన్న వాదన చెల్లదు. మన కాలనీ సంక్షేమ సంఘాల్లో చేరడం చాలావరకు ఐచ్ఛికం. అక్కడ మాత్రం ఇల్లు కొనడంతోనే సభ్యత్వం, చందా రెండూ తప్పనిసరి అవుతాయి.

గడ్డి ఎత్తు, కంచె రంగు, చెట్ల రకాలు, షెడ్డు కొలతలు వంటివన్నీ నిబంధనావళిలోకి రావచ్చు. బీర పాదుకు పందిరి వేయాలన్నా నిర్మాణాల కమిటీకి నమూనాతో దరఖాస్తు చేసి, రాతపూర్వక అనుమతి పొందాల్సిన కాలనీలు ఉన్నాయి.

నోటీసు నుంచి వేలం దాకా

నిబంధన తప్పితే తొలుత నోటీసు, ఆపై జరిమానా వస్తాయి. చందా బకాయి పడితే సంఘానికి ఇంటిపై హక్కు ఏర్పడుతుంది. దీన్నే లీన్ అంటారు. బకాయి తీరకపోతే వ్యవహారం ఇంటి వేలం వరకూ వెళ్లవచ్చు. అయితే దీనికి రాష్ట్రాలు హద్దులు విధించాయి. టెక్సాస్‌లో కేవలం జరిమానాల కోసం ఇంటిని వేలం వేయరాదు. సరిదిద్దుకోదగిన తప్పయితే జరిమానాకు ముందు రాతపూర్వక నోటీసుతో పాటు గడువు ఇవ్వాలి. 30 రోజుల్లోగా కోరితే యజమాని వాదన వినాలి. చందా బకాయిపై వేలం జరిగినా, నోటీసు పంపిన నాటి నుంచి 180 రోజుల్లోగా సొమ్ము చెల్లించి ఇంటిని విడిపించుకునే వీలుంది. కాలిఫోర్నియాలో చందా బకాయి 1,800 డాలర్లకు చేరితేనో, 12 నెలలు దాటితేనో తప్ప వేలానికి వెళ్లరాదు.

పెరటికి దక్కిన హక్కులు

కరవు, నీటి ఎద్దడి కారణంగా కొన్ని రాష్ట్రాలు యజమానుల పక్షాన చట్టాలు తెచ్చాయి. తక్కువ నీటితో పెరిగే మొక్కల పెంపకాన్ని సంఘాలు నిషేధించరాదని టెక్సాస్ 2013లో చట్టం చేసింది. వాన నీటి పీపాలు, కంపోస్టు ఎరువు తయారీకీ అక్కడ రక్షణ ఉంది. మత విశ్వాసంతో ఇంటి ఆవరణలో ఉంచుకునే చిహ్నాలకు అదే రాష్ట్రం 2021లో రక్షణను విస్తరించింది. స్థానిక మొక్కలతో తోట పెంచుకునే హక్కును మేరీల్యాండ్ 2021లో గుర్తించింది.

కాలిఫోర్నియాలో 2014లో చేసిన చట్టం ప్రకారం సొంత పెరట్లో కూరగాయలు, పండ్ల మొక్కలు పెంచుకోవచ్చు. 2015 నాటి చట్టం పెరట్లో బట్టలు ఆరేసుకునే దండేనికీ అనుమతించింది. సహేతుకమైన షరతులు విధించే అధికారం మాత్రం సంఘాలకే ఉంది.

ఫ్లోరిడా అనుభవం

ప్రభుత్వ నిబంధన వేరు, సంఘం నిబంధన వేరు. ఈ తేడాకు ఫ్లోరిడాయే ఉదాహరణ. ఆ రాష్ట్రంలోని మయామీ షోర్స్‌లో ఒక జంట ఇంటి ముందు 17 ఏళ్లుగా కూరగాయలు పండించుకుంటుండగా, 2013లో స్థానిక పాలకమండలి దాన్ని నిషేధించింది. రోజుకు 50 డాలర్ల జరిమానా భయంతో వారు తోట పీకేసి కోర్టుకు వెళ్లినా ఊరట దక్కలేదు. చివరకు కూరగాయల తోటలను స్థానిక ప్రభుత్వాలు నిషేధించరాదని రాష్ట్రం 2019లో చట్టం చేసింది. అయితే అది సంఘాలకు వర్తించలేదు. వీధికి గానీ, పక్క స్థలాలకు గానీ కనబడని కూరగాయల తోటలు, దండేలపై సంఘాలు ఆంక్షలు పెట్టరాదని 2024లో మరో చట్టం వచ్చాకే ఆ లోటు కొంత తీరింది. ఇంటి ముందు మడికి మాత్రం నేటికీ సంఘం అనుమతి చూసుకోవాల్సిందే.

ఈ జాగ్రత్తలు అవసరం

* బయానా ఇవ్వకముందే నిబంధనావళి, జరిమానాల పట్టిక, బకాయిల వివరాలు తెప్పించుకుని చదవాలి.
* మొక్కకైనా, కంచెకైనా అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. పొరుగువారు వేశారు కదా అన్నది అనుమతి కాదు.
* నోటీసు వస్తే గడువులోగా రాతపూర్వకంగా బదులిచ్చి, విచారణ కోరాలి.
* సంఘంతో వివాదం ఉన్నా చందా ఆపరాదు. ఇంటికి ముప్పు తెచ్చేది ప్రధానంగా చందా బకాయే.
* రాష్ట్ర చట్టం ఏం చెబుతోందో స్థానిక న్యాయవాదిని అడిగి తెలుసుకోవాలి.

కొత్తగా వెళ్లే పెద్దలు విత్తనాలు చల్లే ముందు పిల్లలను ఒక్క మాట అడగడం మంచిది. మడి ఇంటి ముందా, వెనుకా అన్నదే చాలా చోట్ల నోటీసు రావడాన్నీ, రాకపోవడాన్నీ తేలుస్తుంది.