గాలీ వెలుగూ ఎవరి చేతిలో? మా ఇంటి రెగ్యులేటర్ చరిత్ర

ఇంతవరకు ఇక్కడ మా ఇంటిపేరు గురించి, చిత్తూరు వైపు నుంచి కోలారు గనులకు వచ్చిన ముత్తాత గురించి, పెళ్ళిళ్ళలో అవ్వావాళ్ళు పాడే పాటల గురించి రాసుకున్నాం. ఈసారి విషయం చిన్నది. ఫ్యాన్ రెగ్యులేటర్, లైట్ డిమ్మర్ రెండూ ఒకే ప్లేటు మీద ఉండే బోర్డును పోయిన నెల రాబర్ట్‌సన్‌పేటలోని మా పాత ఇంట్లో అవ్వ మంచం పక్కన పెట్టించాం. "దీంట్లో చరిత్ర ఏముందిరా?" అని చిన్నాయన అడిగాడు. వెతికితే చాలానే ఉంది. ఎంత గాలి కావాలి, ఎంత వెలుగు చాలు అని చెప్పే అధికారం ఇంట్లో ఎవరిది అనేదే ఆ చరిత్ర.

విసనకర్ర, బీసణిగె, పంకా

మా తరం చదివింది కన్నడ మీడియం. బడిలో బీసణిగె అని నేర్చుకున్నాం, ఇంటికొస్తే విసనకర్ర. రెండు మాటలూ వినడానికే చుట్టాల్లా ఉంటాయి. తాటాకు విసనకర్రకు రెగ్యులేటర్ అక్కర్లేదు. విసురుకునే చెయ్యే రెగ్యులేటర్. చెయ్యి నొప్పి పుడితే గాలి తగ్గుతుంది, అంతే.

పంకా వచ్చాక ఈ లెక్క మారింది. దొరల కచేరీల్లో, బంగళాల్లో పైకప్పుకు పెద్ద గుడ్డ చట్రం వేలాడదీసేవాళ్ళు. దాని తాడు గోడ అవతలికి పోయేది. వరండాలో కూర్చున్న మనిషి ఆ తాడును లాగుతూ ఉండాలి. చేతులు అలిసిపోతే కాలికి కట్టుకుని లాగేవాడు. గాలి లోపలివాళ్ళకు, చెమట బయటివాడికి. వేగం పెంచాలంటే లోపలినుంచి ఒక కేక చాలు.

ఆ తాడు అవసరం లేకుండా చేసింది మోటారు. అమెరికాలో కుట్టుమిషన్ల సింగర్ కంపెనీలో పనిచేసిన ఫిలిప్ డీల్ 1880ల్లో కుట్టుమిషన్ మోటారుకు రెక్కలు తగిలించి పైకప్పుకు వేలాడదీశాడు. తర్వాత అదే ఫ్యాన్‌కు దీపాలు కూడా అమర్చాడు. ఫ్యాన్, లైటు కలిసి ఒకే చోట ఉండాలన్న ఆలోచన ఈనాటిది కాదన్నమాట.

గనికి ముందు, ఇంటికి తర్వాత

మన వైపు కరెంటు కథ శివనసముద్రంలో మొదలవుతుంది. దివాన్ శేషాద్రి అయ్యర్ కాలంలో కావేరి జలపాతం దగ్గర విద్యుత్ కేంద్రం పని మొదలైంది. ఆయన 1901లో పోయాడు, వెలుగు చూడలేదు. 1902 జూన్‌లో అక్కడినుంచి సుమారు 147 కిలోమీటర్ల లైను మీద కరెంటు కోలారు బంగారు గనులకు చేరింది. అంత దూరం కరెంటును తీసుకుపోవడం ఆ రోజుల్లో ప్రపంచానికే వింత. బెంగళూరు వీధి దీపాలు వెలిగింది 1905 ఆగస్టులో, అంటే గనులకు కరెంటు వచ్చిన మూడేళ్ళకు.

ఇది చెప్పుకుంటే కోలారువాళ్ళకు గర్వంగానే ఉంటుంది. కానీ కరెంటు వచ్చింది గని యంత్రాలకు. గనిలోకి దిగే మనిషి ఇంటికి కాదు. మా ముత్తాత పగలంతా కరెంటుతో నడిచే యంత్రాల మధ్య పనిచేసి, రాత్రి కిరసనాయిలు బుడ్డి ముందు కూర్చుని సంగటి తినేవాడని అవ్వ చెప్తుంది. మా ఇంట్లో కరెంటు బల్బు వెలిగింది 1960ల్లో, తాత వర్క్‌షాపు ఉద్యోగంలో కుదురుకుని ఈ ఇల్లు కట్టుకున్నాక. ఫ్యాన్ కొన్నది ఇంకో నాలుగేళ్ళకు. అదీ ఒక్కటే, ముందు గదికి. వంటింట్లో పొయ్యి ముందు అవ్వకు విసనకర్రే మిగిలింది.

నల్ల డబ్బా

ఆ ఫ్యాన్‌తో వచ్చిన రెగ్యులేటర్ ఇప్పటికీ మా దగ్గర ఉంది. నల్ల బేకలైట్ డబ్బా, జానెడు ఎత్తు, మధ్యలో తిప్పే పిడి, చుట్టూ 1 నుంచి 5 దాకా అంకెలు. విప్పి చూస్తే లోపల పింగాణీ మీద చుట్టిన నిరోధకపు తీగ, దానికి నాలుగైదు చోట్ల తగిలించిన కొనలు. పిడి తిప్పితే ఫ్యాన్‌కు వెళ్ళే దారిలో కొంత తీగ చేరుతుంది, లేదా తప్పుకుంటుంది. తీగ ఎక్కువైతే ఫ్యాన్‌కు అందే వోల్టేజీ తగ్గుతుంది, వేగం తగ్గుతుంది. ఫ్యాన్‌కు అందని కరెంటులో కొంత ఆ తీగలోనే వేడిగా పోతుంది. అందుకే 1 మీద పెట్టి రాత్రంతా వదిలేస్తే డబ్బా వెచ్చగా ఉండేది. గాలి సగమైనా కరెంటు ఖర్చు సగం కాదు.

ఈ డబ్బాను వాకిలి పక్కన, నిలబడిన మగమనిషి చేతికి అందే ఎత్తులో బిగించారు. ఇంట్లో దానికో చట్టం ఉండేది. తాత 3 మీద పెడితే 3. రాత్రి పది దాటాక ఎవరూ ముట్టుకోకూడదు. చుట్టాలొస్తే 5. అవ్వ పొట్టి మనిషి. ఆ పిడి తిప్పాలంటే ముక్కాలిపీట ఎక్కాలి, కాబట్టి తిప్పలేదు. "నాకు చలేస్తే దుప్పటి కప్పుకుంటి, వేడైతే వాకిట్లో పడుకుంటి" అంటుంది. ఫిర్యాదు లేదు ఆ మాటలో. కానీ యాభై ఏళ్ళు ఒక ఇంట్లో ఉండి, ఆ ఇంటి గాలిని ఒక్కసారీ తన ఇష్టానికి తిప్పుకోలేదు.

డిమ్మర్ దారి వేరు

దీపం తగ్గించడం మొదట నాటకాలవాళ్ళ అవసరం. రంగస్థలం మీద సాయంత్రం కావాలి, చీకటి పడాలి. అందుకోసం పెద్ద పెద్ద నిరోధకాలు వాడారు. ఉప్పునీళ్ళ తొట్టిలో రెండు లోహపు పలకలు దించి, వాటిని దగ్గరికి దూరానికి జరిపి వెలుగును పెంచడం, తగ్గించడం కూడా చేశారు. ఇంటి గోడలో ఇమిడే చిన్న డిమ్మర్‌ను అమెరికాలో జోయెల్ స్పైరా 1959లో తయారు చేశాడు. అది కరెంటును తీగలో కాల్చి వృథా చెయ్యదు. సెకనుకు ఎన్నో సార్లు కరెంటును ఆపి, మళ్ళీ వదులుతుంది. ఆపే సమయం ఎక్కువైతే వెలుగు తక్కువ.

తర్వాత ఇదే కిటుకు ఫ్యాన్ రెగ్యులేటర్లలోకీ వచ్చింది. నల్ల డబ్బాలు పోయి, స్విచ్చంత చిన్న ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు వచ్చాయి. వేడి తగ్గింది, కానీ తరిగిన కరెంటుతో మోటారు తక్కువ వేగంలో జుమ్మని మూలుగుతుంది. దానికి మందుగా వచ్చిందే కెపాసిటర్లతో పనిచేసే మెట్ల రెగ్యులేటర్. మూలుగు దాదాపు ఉండదు, వేడీ ఉండదు. 1, 2, 3, 4 అని టకటక పడుతుంది.

ఇప్పుడెందుకు మార్చాం

తాత పోయాక అవ్వ ముందు గదిలోనే పడుకుంటోంది. ఇప్పుడామెకు 84. తెల్లవారుజామున చలేస్తే ఫ్యాన్ తగ్గించడానికి లేచి, చీకట్లో తడుముకుంటూ వాకిలి దాకా పోవాలి. ట్యూబులైటు వేస్తే పక్కన పడుకున్న పిల్ల లేస్తుందని వేసేది కాదు. పోయిన కార్తీకంలో అలా పోతూ గడప తట్టుకుని పడింది. మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. అప్పుడు ఇంట్లో అందరం కూర్చుని అనుకున్నాం: గాలి, వెలుగు రెండూ మంచం మీదనుంచి లేవకుండా ఆమె చేతికి అందాలి.

ఎంపిక

కొట్లో అడిగితే ఒకాయన "లైట్ డిమ్మరే ఫ్యాన్‌కీ పెట్టుకోండి, రెండూ తిప్పేవే గదా" అన్నాడు. అది కుదరదు. బల్బుకు ఎంత తక్కువ కరెంటు ఇచ్చినా మిణుకుమంటుంది. మోటారుకు మరీ తగ్గిస్తే తిరగకుండా ఆగి, లోపలి చుట్టలు వేడెక్కుతాయి. లైటుకు లైటుదే, ఫ్యాన్‌కు ఫ్యాన్‌దే. ఒకే ప్లేటులో రెండు వేరు వేరు ముక్కలు ఉండాలి.

రెండో ప్రశ్న, ఏ ఫ్యాన్? బీఎల్‌డీసీ ఫ్యాన్ తీసుకుంటే కరెంటు బాగా ఆదా. మామూలు ఫ్యాన్ 75 వాట్లు తింటే అది 30 వాట్ల చుట్టుపక్కల. రోజుకు 10 గంటలు పూర్తి వేగంలో తిరిగితే నెలకు 13 యూనిట్ల పైన తేడా. కానీ దానికి సాధారణంగా గోడ రెగ్యులేటర్ పెట్టకూడదు. వేగం మార్చే పని దాని లోపలే జరుగుతుంది, బయటనుంచి పూర్తి కరెంటు అందాలి. మార్చడానికి ఎక్కువగా రిమోట్ ఇస్తారు. చీకట్లో, దిండు కింద రిమోట్ వెతుక్కుని చిన్న బొత్తాం నొక్కడం అవ్వ వల్ల కాదు. తిప్పితే టక్కుమనే పిడి అయితే కళ్ళు మూసుకునైనా లెక్కపెట్టుకుంటుంది. కాబట్టి తాత కొన్న ఫ్యాన్‌నే ఉంచి, వైండింగూ బేరింగులూ కొత్తవి వేయించాం. మిగతా గదులకు బీఎల్‌డీసీ కొన్నాం.

మూడోది, బల్బు. పెట్టె మీద డిమ్మబుల్ అని రాసున్న ఎల్‌ఈడీ బల్బే తీసుకోవాలి. మామూలు ఎల్‌ఈడీని డిమ్మర్ మీద పెడితే మిణుకుతుంది, లేదా తొందరగా పోతుంది. డిమ్మర్ కూడా ఎల్‌ఈడీకి పనికొచ్చేదేనా, కనీసం ఎన్ని వాట్లు కావాలి అనేది దాని వెనక చూసుకోవాలి. పాత తీగ బల్బుల కోసం చేసిన డిమ్మర్ ఒక్క 7 వాట్ల బల్బుతో సరిగ్గా పనిచెయ్యకపోవచ్చు.

బిగించిన తీరు

పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత చేయించాం, మేం పక్కన నిలబడి చూశాం. మా ఇంట్లో పాతకాలపు చెక్కపట్టీ వైరింగు. బోర్డునుంచి పైకి పోయేది ఫ్యాన్ వైర్లు మాత్రమే. ఫ్యాన్‌కు ఒకటి, లైటుకు ఒకటి విడిగా ఫేజు వైర్లు లేకపోతే రెండింటినీ వేరుగా తిప్పడం కుదరదు. అందుకని కొత్త పైపు వేసి, రెండింటికీ వేరే వైర్లు, న్యూట్రలు, పచ్చ రంగు ఎర్తు లాగించాం.

మెయిన్ ఆపి, ఎవరూ వెయ్యకుండా దాని మీద కాగితం అంటించి, టెస్టర్‌తో ప్రతి వైరూ చూసుకున్నాకే చెయ్యి పెట్టాడాయన. రెగ్యులేటర్ ఎప్పుడూ ఫేజు దారిలోనే: ముందు స్విచ్చు, తర్వాత రెగ్యులేటర్, తర్వాత ఫ్యాన్. డిమ్మర్ కూడా అంతే. న్యూట్రల్ నేరుగా పోతుంది. గోడలో పెట్టె లోతుగా ఉండాలి, వైర్లు కుక్కి మూస్తే వేడి బయటికి పోదు. ప్లేటును మంచం మీద పడుకుని చెయ్యి చాపితే అందే ఎత్తులో పెట్టాం. వాకిలి దగ్గర ట్యూబులైటు స్విచ్చు అలాగే ఉంది. దూలానికున్న కొక్కెం కూడా ఆ రోజే చూపించాం. అరవై ఏళ్ళ కొక్కేన్ని నమ్మి మనిషి కింద పడుకోవడం తగదు.

పరీక్ష

మా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగు. టెస్టింగులో తప్పులు ఎక్కువగా దొరికేది అంచుల దగ్గరే, అంటే మొదటి మెట్టులో, చివరి మెట్టులో, ఆగి మళ్ళీ మొదలైనప్పుడు. అలాగే ఒక జాబితా రాసుకుని చూశాం. ఆగిన ఫ్యాన్ 1 మీద కదులుతుందా? కదల్లేదు. పాత ఫ్యాన్ బరువెక్కువ, వాట్లూ ఎక్కువ. ఎక్కువ వాట్లకు పనికొచ్చే రెగ్యులేటర్ తెప్పించాక నెమ్మదిగా అందుకుంది. లైటు అన్నిటికంటే తక్కువలో మిణుకుతుందా? లేదు. కరెంటు పోయి వస్తే ముందున్నచోటే ఉంటాయా? ఉంటాయి, పిడి ఎక్కడుంటే అక్కడే. ఇది చేత్తో తిప్పే పిడికున్న పెద్ద లాభం. అవ్వ రేడియోలో గరగర వస్తుందా? డిమ్మర్ సగంలో ఉన్నప్పుడు కొంచెం వచ్చింది. రేడియోను అవతలి గోడ దగ్గరికి మార్చాం.

చివరి పరీక్ష అవ్వది. లైట్లన్నీ ఆపి, కళ్ళు మూసుకుని వెయ్యమన్నాం. పై పిడి గాలి, కింది పిడి వెలుగు. రెండో రోజుకు మమ్మల్ని పిలవడం మానేసింది. ఇప్పుడు రాత్రి 2 మీద పడుకుని, తెల్లవారుజామున 1కి తగ్గించుకుంటుంది. లైటును కాళ్ళు కనపడేంత పెట్టుకుని బాత్రూముకు పోయొస్తుంది. "మీ తాతుంటే 3 మీదే ఉండల్ల అనేవాడు" అని నవ్వుతుంది.

నల్ల డబ్బాను పారెయ్యలేదు. దుమ్ము దులిపి, ముత్తాత గని దీపం పక్కన అలమారలో పెట్టాం. హోసూరు, బళ్ళారి, బరంపురం, షోలాపూరు, యానాంలలో స్థిరపడిన మన ఇళ్ళల్లోనూ ఇలాంటి డబ్బా ఒకటి ఎక్కడో ఉండే ఉంటుంది. దొరికితే ఫొటోతోపాటు రెండు సంగతులు రాసి పంపండి: మీ ఇంట్లో దాన్ని ఏ పేరుతో పిలిచేవాళ్ళు, దాన్ని ఎవరు తిప్పేవాళ్ళు. పెద్దవాళ్ళ మంచం దగ్గర బోర్డు ఎంత ఎత్తులో ఉందో కూడా ఈ రాత్రే ఒకసారి చూడండి.