తనిఖీ, జాబితా, పౌరుడు

విమానం ఎక్కబోయే పౌరుణ్ణి సోదా చేయడం అనాదిగా వస్తున్న ఆచారమేమీ కాదు. 1968–72 మధ్య అమెరికాలో వందకు పైగా హైజాకింగ్ యత్నాలు జరిగిన మీదట, 1973 జనవరిలో ప్రయాణికులందరికీ తనిఖీ తప్పనిసరి చేశారు. హైజాకింగులు వెంటనే తగ్గాయి. తనిఖీ వల్లనే తగ్గాయంటారు పాలకులు. అది సగం నిజం. హైజాకర్లను శిక్షించడమో, అప్పగించడమో చేయాలని ఆ ఫిబ్రవరిలోనే అమెరికా, క్యూబాలు ఒప్పందం చేసుకున్నాయి. రాజకీయ కారణాన్ని మరచి యంత్రానికే కీర్తి కట్టబెట్టడం చరిత్ర అనిపించుకోదు.

అయినా ఆ తనిఖీని నేను తప్పు పట్టను. అది ఆయుధాన్ని వెదికింది. మనిషి పేరునూ, మతాన్నీ వెదకలేదు. ధనికుడూ పేదా ఒకే ద్వారం గుండా నడిచారు.

2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత పరిస్థితి మారింది. విమానం ఎక్కనివ్వరాదని నిషేధించిన వారి జాబితాలో అంతవరకు 16 పేర్లుండేవి. అవి వేలకు పెరిగాయి. 2005 జనవరిలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న మలేషియా విద్యార్థిని ఒకామెకు శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో సంకెళ్లు వేశారు. స్వదేశం వెళ్లాక ఆమె వీసా రద్దయింది. కోర్టులో ప్రభుత్వం రాజ్యరహస్యమని అడ్డుపడింది. చివరకు 2014లో న్యాయమూర్తి తేల్చిందేమిటి? ఎఫ్.బి.ఐ. ఉద్యోగి ఒకడు ఫారంలో గుర్తు పెట్టవలసిన గళ్లను పొరబడ్డాడు! రహస్యం కాపాడినది దేశాన్ని కాదు, ఒక గుమాస్తా తప్పును.

పోనీ, ఇంత చేసి భద్రతైనా సాధించారా? అమెరికా ప్రభుత్వమే రహస్యంగా జరిపించిన 70 పరీక్షల్లో 67 సార్లు ఆయుధాలో, నకిలీ బాంబులో తనిఖీ దాటిపోయాయని 2015లో పత్రికలు వెల్లడించాయి. కాగా 2001 తర్వాత పైలట్ల గదికి బిగించిన గట్టి తలుపు ఎవరి పేరూ అడగలేదు, ఎవరినీ అవమానించలేదు. బయటి వాడు విమానాన్ని చేజిక్కించుకోవడం మాత్రం దుస్సాధ్యం చేసింది.

కనుక భద్రత కావాలా, స్వేచ్ఛ కావాలా అని మనల్ని నిలదీసేవారి ప్రశ్నలోనే మోసముంది. అందరికీ సమానంగా వర్తించి, బహిరంగ పరీక్షకు నిలిచే చర్యతో మనకు పేచీ లేదు. జవాబు చెప్పనక్కర లేని అధికారంతోనే పేచీ. ఏటా మన విద్యార్థులు వేలాదిగా ఆ ద్వారాలు దాటి వెళుతున్నారు. వాళ్ల సంచులు వెదకనీయండి. కాని, నా మీద నేరమేమిటని అడిగే హక్కును గుమ్మం దగ్గర వదిలి వెళ్లమనడానికి ఏ ప్రభుత్వానికీ అధికారం లేదు.