పండు ఈగ: చరిత్ర, నష్టం, నివారణ (జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు)

మామిడి, జామ, కాకర, బీర, పొట్ల వంటి పంటల్లో కాయ పుచ్చిపోవడానికి ప్రధాన కారణం పండు ఈగ. 

నష్టం: తల్లి ఈగ కాయ తొక్కను గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది. పైకి సూదిమొనంత మచ్చే కనిపిస్తుంది. పిల్ల పురుగులు గుజ్జు తిని, కాయ కుళ్లి రాలాక మట్టిలోకి దిగి ప్యూపాలుగా మారతాయి. తీగజాతి కూరగాయల్లో నష్టం 30 నుంచి 100 శాతం దాకా ఉంటుంది. ఎగుమతికి దెబ్బ మరీ పెద్దది. ఈ ఈగ భయంతోనే జపాన్ 1986లో భారతీయ మామిడిని నిషేధించి 2006లో సడలించింది. ఐరోపా సమాఖ్య 2014 మే 1న మామిడితో పాటు కాకర, పొట్ల, వంకాయ, చేమలను ఆపింది. మామిడిపై నిషేధాన్ని 2015 జనవరిలో ఎత్తివేసింది.

చరిత్ర: శతాబ్దాల పాటు రైతుకు పుచ్చిన కాయే తెలుసు, ఈగ కాదు. మామిడి ఈగను 1912లో కీటక శాస్త్రవేత్త హెండెల్ తైవాన్ నమూనాలతో వర్ణించాడు. అదే ఏడాది బిహార్‌లోని పూసాలో పనిచేస్తున్న ఎఫ్.ఎం. హౌలెట్, దోమలను తోలే సిట్రొనెల్లా నూనె చుట్టూ మగ ఈగలు మూగుతున్నాయని ప్రకటించాడు. 1915లో ఆ ఆకర్షణకు మిథైల్ యూజినాల్ అనే పదార్థం కారణమని తేల్చాడు. భారతీయ కీటక శాస్త్రంలో ఇది గొప్ప ఆవిష్కరణ. తులసిలోనూ ఈ పదార్థం ఉంటుంది. 1960ల్లో కీటక శాస్త్రవేత్త స్టెయినర్ బృందం ఈ ఎరకు విషం కలిపి, నారచెక్కలకు పట్టించి విమానాల నుంచి జారవిడిచి, పసిఫిక్‌లోని రోటా దీవిలో ఈగను నిర్మూలించింది.

నివారణ: ఆల్కహాల్, మిథైల్ యూజినాల్, మలాథియాన్‌లను 6:4:1 పాళ్లలో కలిపి, అందులో నానబెట్టిన ప్లైవుడ్ ముక్కను ప్లాస్టిక్ బుట్టలో వేలాడదీస్తారు. ఎర మగ ఈగలను చంపుతుంది. జత దొరకని ఆడ ఈగ పెట్టే గుడ్ల నుంచి పిల్లలు రావు. కూరగాయల ఈగకు ఈ ఎర పనికిరాదు, క్యూ-ల్యూర్ అనే మరో ఎర కావాలి. రాలిన కాయలను ఏరి లోతుగా పాతిపెట్టాలి, చెట్ల కింద మట్టిని తిరగదున్నాలి. ఎగుమతి మామిడిని 48 డిగ్రీల వేడినీటిలో గంటసేపు ఉంచుతారు. సలహాల కోసం మహబూబాబాద్ జిల్లా మల్యాలలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది.

ఒక్క తోటలో బుట్టలు కడితే పక్క తోట ఈగలు వచ్చి చేరతాయి. ఊళ్లోని రైతులంతా ఒకేసారి కడితేనే ఖర్చుకు తగ్గ ఫలితం దక్కుతుంది.