తప్పుడు రోగ నిర్ధారణ, వైద్య నిర్లక్ష్యం: హైదరాబాద్ మలేరియా కేసు ఆధారంగా ఒక పరిశీలన

రోగికి ఉన్న జబ్బు ఒకటైతే వైద్యుడు దాన్ని మరొకటిగా భావించి చికిత్స చేయడాన్ని తప్పుడు రోగ నిర్ధారణ అంటారు. అయితే అలాంటి ప్రతి పొరపాటూ న్యాయస్థానంలో వైద్య నిర్లక్ష్యంగా నిలవదు. ఒకే లక్షణాలు పలు జబ్బుల్లో కనిపిస్తాయి కాబట్టి, వైద్యుడు తేల్చిన జబ్బు సరైనదా కాదా అన్నదాని కంటే, అలా తేల్చే ముందు రోగిని ఏమేమి అడిగాడు, ఏ పరీక్షలు చేయించాడు, మందులు పనిచేయనప్పుడు తన అంచనాను తిరిగి సరిచూసుకున్నాడా లేదా అన్న విషయాలనే చట్టం ముఖ్యంగా చూస్తుంది. ఇంగ్లండులో 1957 నాటి బోలమ్ కేసులో ఏర్పడిన ప్రమాణం ప్రకారం, తన రంగంలోని బాధ్యతగల వైద్యులలో ఒక వర్గం సరైనదని అంగీకరించే పద్ధతిని పాటించిన వైద్యుడు నిర్లక్ష్యం చేసినట్టు కాదు. ఈ ప్రమాణాన్నే భారత సుప్రీంకోర్టు 2005లో జాకబ్ మాథ్యూ కేసులో ఆమోదించి, క్రిమినల్ శిక్షకు మాత్రం నిర్లక్ష్యం ఘోరమైనదై ఉండాలని స్పష్టం చేసింది. అంతకు ముందే, 1995లో శాంత కేసులో, డబ్బు తీసుకుని అందించే వైద్యం వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుందని అదే కోర్టు తేల్చింది.

ఈ సూత్రాలు ఆచరణలో ఎలా పనిచేస్తాయో హైదరాబాద్‌కు చెందిన కిషన్‌రావు కేసు చూపుతుంది. మలేరియా విభాగంలో అధికారి అయిన ఫిర్యాదుదారు, విడిచి విడిచి వచ్చే జ్వరంతో, చలితో బాధపడుతున్న భార్యను 2002 జూలై 20న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించాడు. అక్కడి పరీక్షల్లో మలేరియా బయటపడలేదు; టైఫాయిడ్‌కు చికిత్స సాగింది. మందులకు జ్వరం లొంగలేదు. 23న ఊపిరి అందక ఆక్సిజన్ పెట్టవలసి వచ్చింది. 24న పూర్తిగా విషమించిన స్థితిలో ఆమెను మరో ఆసుపత్రికి తరలించగా, అక్కడ తీసిన రక్తంలో మలేరియా పరాన్నజీవి కనిపించింది. ఆమె బతకలేదు. మొదటి ఆసుపత్రి తరఫు వైద్యుడు క్రాస్ ఎగ్జామినేషన్‌లో తాను మలేరియాకు చికిత్స చేయలేదని ఒప్పుకున్నాడు.

రక్తపు చుక్కను గాజు పలకపై పూసి సూక్ష్మదర్శిని కింద చూసే స్మియర్ పరీక్షలో ఒకసారి పరాన్నజీవి కనిపించనంత మాత్రాన మలేరియా లేనట్టు కాదు. అనుమానం తీరేదాకా పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల తేడాతో పరీక్షను మళ్లీ చేయాలని వైద్యశాస్త్రం చెబుతుంది. టైఫాయిడ్‌కు వాడుకలో ఉన్న వైడల్ పరీక్ష అంత నమ్మదగినది కాదన్నదీ కొత్త సంగతి కాదు. చలితో వచ్చే జ్వరం మందులకు లొంగనప్పుడు అదే మందును కొనసాగించడం తొలి అంచనా తప్పడం కంటే పెద్ద తప్పు. పైగా ఈ జ్వరం గురించి వృత్తిరీత్యా తెలిసిన భర్త కాబట్టి విషయం వినియోగదారుల ఫోరం దాకా వెళ్లింది. ఏ ఆసరా లేని కూలీ కుటుంబానికి అసలు పొరపాటు జరిగిందన్న సంగతైనా తెలిసేదా అన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

జిల్లా ఫోరం 2 లక్షల రూపాయల పరిహారం, 10 వేల రూపాయల వాపసు మంజూరు చేసింది. నిపుణుల సాక్ష్యం, అంటే ఆ రంగంలో నైపుణ్యం ఉన్న మరో వైద్యుడి అభిప్రాయం, లేదన్న కారణంతో రాష్ట్ర కమిషన్ ఆ తీర్పును కొట్టివేయగా, జాతీయ కమిషన్ రాష్ట్ర కమిషన్ నిర్ణయాన్నే సమర్థించింది. 2009లో మార్టిన్ డిసౌజా కేసులో సుప్రీంకోర్టుకు చెందిన ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం, ముందుగా నిపుణుల అభిప్రాయం తీసుకోకుండా వైద్యుడికి నోటీసు ఇవ్వరాదని చెప్పింది. అదే కోర్టులో జస్టిస్ సింఘ్వీ, జస్టిస్ గంగూలీల ధర్మాసనం 2010 మార్చిలో కిషన్‌రావు కేసులో ఆ మాటతో ఏకీభవించలేదు: జాకబ్ మాథ్యూ తీర్పు అలాంటి జాగ్రత్తను క్రిమినల్ కేసులకే చెప్పిందనీ, ప్రతి వినియోగదారు ఫిర్యాదుకూ నిపుణుణ్ణి తప్పనిసరి చేస్తే చట్టం ఉద్దేశమే దెబ్బతింటుందనీ తేల్చి, జిల్లా ఫోరం తీర్పును పునరుద్ధరించింది. జరిగిన విషయమే నిర్లక్ష్యాన్ని పట్టి ఇచ్చే చోట వేరే రుజువు అక్కర్లేదన్న ‘రెస్ ఇప్సా లోక్విటుర్’ సూత్రాన్ని కూడా ఆ తీర్పు పేర్కొంది. ఇది సరైన దారి. సహవైద్యుడికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పడానికి ముందుకొచ్చే వైద్యుణ్ణి వెతికి తెచ్చే స్తోమత ఎందరు రోగులకు ఉంటుంది?

ఇందుకు భిన్నమైనది ఇంగ్లండులోని మేనార్డ్ కేసు. క్షయ అయి ఉండవచ్చని అనుకుంటూనే, హాడ్జ్‌కిన్స్ అనే క్యాన్సర్ సందేహంతో, కఫ పరీక్ష ఫలితం కోసం ఆగకుండా వైద్యులు ఛాతీలో పరీక్షా శస్త్రచికిత్స చేయడంతో రోగి స్వరనాడి దెబ్బతింది. జబ్బు క్షయేనని తేలింది. అయినా రెండు అవకాశాలనూ తూచి నిర్ణయం తీసుకున్నారు కాబట్టి హౌస్ ఆఫ్ లార్డ్స్ వారిని నిర్లక్ష్యం చేసినవారిగా పరిగణించలేదు. తూచారా లేదా అన్నది బయటపడేది కేస్ షీట్‌లోనే. 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనల ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఈ హక్కు ఆసుపత్రి గోడల మీద రాసి ఉండవలసినది.

ఇక మిగిలేది కార్యకారణ సంబంధం, అంటే నిర్లక్ష్యం వల్లనే నష్టం జరిగిందన్న రుజువు. ఇంగ్లండులో 2005 నాటి గ్రెగ్ కేసులో, చంకలోని గడ్డను ప్రమాదం లేనిదిగా భావించడంతో క్యాన్సర్ చికిత్స తొమ్మిది నెలలు ఆలస్యమై, రోగి కోలుకునే అవకాశం 42 శాతం నుంచి 25 శాతానికి పడిపోయింది. మొదటి నుంచే అది సగం కంటే తక్కువ కాబట్టి పరిహారం ఇవ్వలేమని ముగ్గురు న్యాయమూర్తులు, ఇవ్వాలని ఇద్దరు అన్నారు. ఈ లెక్కన ఎంత ముదిరిన జబ్బుతో వస్తే రోగికి రక్షణ అంత తక్కువ అవుతుంది. ఆలస్యంగా ఆసుపత్రికి చేరే పేద రోగులు ఎక్కువగా ఉన్న దేశంలో సగం అన్న ఆ గీతను యథాతథంగా తెచ్చుకోకుండా, పోగొట్టుకున్న అవకాశాన్నే ఒక నష్టంగా గుర్తించి, దాని మేరకు పరిహారం లెక్కించడం న్యాయం.